జవాబుపత్రాన్ని చదవడం: హైస్కూలు పిల్లలను కాలేజీ చదువుకు సిద్ధం చేసే పరీక్షలు

పదో తరగతిలో మంచి మార్కులతో బయటికి వెళ్లిన పిల్లలు ఇంటర్ మొదటి సంవత్సరంలోనే ఎందుకు తడబడతారన్నది చాలాకాలం నాకు అంతుబట్టలేదు. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. దసరా సెలవులకు ఊరికి వచ్చిన పాత విద్యార్థులు బడికి వచ్చి పలకరించినప్పుడు కాలేజీ ఎలా ఉందని అడిగితే, వారిలో చాలామంది చెప్పే మాట దాదాపు ఒకేలా ఉంటుంది: "క్లాసులో వింటుంటే అర్థమైనట్టే ఉంటుంది సార్, లెక్క చెయ్యబోతే మధ్యలో ఆగిపోతున్నాను." ఎక్కడ ఆగిపోతున్నారో కాగితం మీద చేసి చూపించమంటే, ఆ చోటు త్రికోణమితిలోనో సదిశలలోనో ఉండదు. భిన్నాల తీసివేత దగ్గర, రుణ గుర్తు దగ్గర, ఒక పదాన్ని సమీకరణంలో అవతలి వైపుకు తీసుకువెళ్లే దగ్గర ఉంటుంది. అంటే అది ఏడు, ఎనిమిది తరగతుల పాఠం. ఆ తప్పు మా బడిలో వాళ్లు రాసిన పరీక్షల్లో ఎన్నోసార్లు కనిపించే ఉంటుంది. మేము దానికి అర మార్కు తగ్గించి, మొత్తం కూడి, రిజిస్టరులో వేసి, తరువాతి పాఠానికి వెళ్లిపోయాం.

పరీక్షలు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా అన్న చర్చలోకి నేను వెళ్లడం లేదు. ఇప్పటికే పెడుతున్న పరీక్షలతోనే తొమ్మిది, పది తరగతుల పిల్లలను కాలేజీకి ఎలా సిద్ధం చేయవచ్చో, నాకు పనికివచ్చిన పద్ధతిని తోటి ఉపాధ్యాయుల కోసం, తల్లిదండ్రుల కోసం ఇక్కడ రాస్తున్నాను.

2009 నాటి విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని, అంటే ఏడాది పొడవునా పిల్లల చదువును అన్ని వైపుల నుంచీ గమనిస్తూ అంచనా వేయడాన్ని, బడి బాధ్యతగా చెప్పింది. ఆ పద్ధతి మన రెండు రాష్ట్రాల్లోనూ అమలులోకి వచ్చాక నిర్మాణాత్మక మూల్యాంకనం, సంగ్రహణాత్మక మూల్యాంకనం అన్న మాటలు స్టాఫ్‌రూముల్లో ఎఫ్ఏ, ఎస్ఏ అన్న పొట్టిపేర్లతో స్థిరపడ్డాయి. పాఠ్యప్రణాళికలను అంచనా వేయడం గురించి రాస్తూ మూల్యాంకన పండితుడు మైకేల్ స్క్రివెన్ 1967లో ఈ రెండింటినీ వేరు చేసి చూపాడు. తరువాత అమెరికా విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ ఆ తేడాను పిల్లల అభ్యసనానికి అన్వయించాడు. పని సాగుతుండగా దాన్ని సరిదిద్దడానికి చేసే పరిశీలన మొదటిది, పని పూర్తయ్యాక ఎంతవరకు వచ్చిందో తేల్చేది రెండోది. మన దగ్గర ఎఫ్ఏకు నాలుగు సాధనాలు చెప్పారు: పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. ఆచరణలో మాత్రం ఎఫ్ఏ కూడా ఒక చిన్న ఎస్ఏగా మారిపోయింది. పరీక్ష పెడతాం, దిద్దుతాం, మార్కులు ఎక్కిస్తాం. దిద్దిన రోజుకూ తరువాతి పరీక్షకూ మధ్య ఏమీ జరగకపోతే దానికి ఏ పేరు పెట్టినా ప్రయోజనం లేదు.

జూన్‌లో పెట్టవలసిన పరీక్ష

మొదటి పని బడి తెరిచిన మొదటి రెండు వారాల్లోనే జరగాలి. తొమ్మిదో తరగతిలోకి వచ్చిన పిల్లలకు తొమ్మిదో తరగతి పాఠాల మీద కాకుండా, ఆరు నుంచి ఎనిమిది వరకు చదివిన వాటి మీద 20 ప్రశ్నలతో, 45 నిమిషాల్లో ముగిసే ఒక పరీక్ష పెట్టండి. దానికి మార్కులు లేవని ముందే చెప్పండి, చెప్పినట్టే ఎక్కడా నమోదు చేయకండి. మార్కులు లేవన్న నమ్మకం కుదిరినప్పుడే పిల్లలు పక్కవాడి కాగితంలోకి చూడకుండా, రానిదాన్ని ఖాళీగా వదిలేసే ధైర్యం చేస్తారు. ఆ ఖాళీలే మనకు కావలసింది.

ప్రశ్నలు ఎలా ఉండాలో కొన్ని చూపుతాను. మూడు బై నాలుగులోంచి రెండు బై మూడు తీసివేస్తే ఎంత? −8కి 3 కలిపితే ఎంత? 0.2ను 0.3తో గుణిస్తే ఎంత? ఈ చివరి ప్రశ్నకు 0.6 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. దశాంశ స్థానం అర్థం కాలేదనడానికి ఇంతకంటే సులువైన ఆనవాలు లేదు. 240లో 15 శాతం ఎంత? గంటకు 72 కిలోమీటర్ల వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చండి. ఇది భౌతికశాస్త్రం టీచరుకు కూడా పనికివచ్చే ప్రశ్న, ఎందుకంటే ఇంటర్ ఫిజిక్స్‌లో ప్రమాణాలు మార్చడం రాని పిల్లవాడు పాఠం ఎంత చక్కగా విన్నా జవాబు దాకా చేరలేడు. వీటితో పాటు రెండు భాషల ప్రశ్నలు కూడా ఉంచండి. ఒక చిన్న వార్తను తెలుగులో ఇచ్చి, దాన్ని సొంత మాటల్లో రెండు వాక్యాల్లో రాయమనండి. ఎప్పుడూ చూడని ఒక ఇంగ్లిష్ పేరాగ్రాఫ్ ఇచ్చి, అందులో నేరుగా కనిపించే సమాచారం మీద ఒక ప్రశ్న, కొంచెం ఆలోచించి చెప్పవలసిన ప్రశ్న ఒకటి అడగండి.

ఈ కాగితాలను దిద్దాక పారేయకండి. ఒక కవరులో పెట్టి భద్రపరచండి. వాటితో చివర్లో పని ఉంది.

మూడు పత్రాలు, ఒకే రెండు మార్కులు

దిద్దడం అంటే నేను ఏం అనుకుంటున్నానో ఒక్క ఉదాహరణతో చెప్పడం మంచిది. ఒకసారి పదో తరగతి లఘు పరీక్షలో 4 మార్కులకు ఈ వర్గ సమీకరణం ఇచ్చాను: 2x² − 7x + 3 = 0. మూలాలు 3, 1/2. ముగ్గురు పిల్లలకు సరిగ్గా 2 మార్కులు వచ్చాయి. రిజిస్టరులో వరుసగా మూడు రెళ్లు కనిపిస్తాయి. ఆ మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలిసింది.

మొదటి అమ్మాయి మూలాలు కనుక్కునే సూత్రం, x = (−b ± √(b² − 4ac))/2a, సరిగ్గా రాసింది, a, b, c విలువలు సరిగ్గా తీసుకుంది, విచక్షణి (వర్గమూలం లోపలి b² − 4ac) 49 − 24 = 25 అని కనుక్కుంది. కానీ −b రాయవలసిన చోట −7 అని వేసింది. b విలువే −7 కాబట్టి −b అంటే 7 అన్నది ఆమెకు తట్టలేదు. అందువల్ల రెండు మూలాలూ గుర్తు మారి −1/2, −3 అయ్యాయి. రెండో పిల్లవాడు గుర్తులన్నీ సరిగ్గా వేశాడు కానీ, 49 − 24కు వర్గమూలం కనుక్కోవలసిన చోట 49కి వర్గమూలం 7 అని బయటికి తీసి, దాంట్లోంచి 24 వర్గమూలాన్ని తీసివేయబోయి చిక్కుపడి ఆపేశాడు. మూడో అమ్మాయి సూత్రం జోలికే వెళ్లలేదు. −7xను −6x, −xగా విడదీసి, కారణాంకాలుగా చేసి (2x − 1)(x − 3) = 0 దాకా చక్కగా వచ్చింది. అక్కడ గీత గీసి, జవాబు పూర్తయినట్టు వదిలేసింది.

ముగ్గురికీ "వర్గ సమీకరణాలు మళ్లీ చదువు" అని చెప్పి పంపడం చాలా సులువు, దానివల్ల ముగ్గురికీ ఉపయోగం లేదు. మొదటి అమ్మాయికి కావలసింది ఏడో తరగతి పూర్ణసంఖ్యలు. అరగంట కూర్చోబెట్టి, విలువకు ముందున్న గుర్తునూ సూత్రంలో ఉన్న గుర్తునూ వేరు చేసి చూడడం అలవాటు చేస్తే చాలు. రెండో పిల్లవాడికి కావలసింది ఎనిమిదో తరగతి వర్గమూలాలు. 9 + 16కు వర్గమూలం 5, విడివిడిగా తీసి కలిపితే 7 వస్తుంది, రెండూ ఒకటి కావు అని అతని చేతే చేయించాలి. మూడో అమ్మాయి లెక్క చేయగలదు కానీ, మూలం అంటే ఏమిటో, రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే వాటిలో ఒకటైనా సున్నా కావాలన్న మాట ఎందుకు ముఖ్యమో ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఇంటర్ కాలేజీలో చేరాక మొదట ఇబ్బంది పడేది ఈ మూడో అమ్మాయేనని నా నమ్మకం, ఎందుకంటే అక్కడ ప్రశ్న రూపం మారిన ప్రతిసారీ అర్థం తెలిస్తేనే దారి దొరుకుతుంది.

నలభై మంది ఉన్న తరగతిలో ప్రతి ప్రశ్ననూ ఇలా చదవడం ఎవరి వల్లా కాదు. అది అవసరం కూడా లేదు. ప్రతి పరీక్షలో ఒకటి, రెండు ప్రశ్నలను ఎంచుకుని, ఆ ప్రశ్నల వరకే అన్ని కాగితాలనూ ఇంత దగ్గరగా చూడండి. తక్కిన వాటిని మామూలుగా దిద్దండి. ఏ ప్రశ్నను ఎంచుకోవాలన్నది ప్రశ్నపత్రం తయారుచేసే రోజే నిర్ణయించుకుంటే, ఆ ప్రశ్నలో ఉపయోగపడే మెట్లు పిల్లలు రాసేలా ప్రశ్నను కూర్చవచ్చు.

తప్పుకు గుర్తు, పిల్లల చేతికి పుస్తకం

దిద్దేటప్పుడు తప్పు పక్కన ఇంటూ గుర్తుకు బదులు ఒక అక్షరం వేయడం నేను అలవాటు చేసుకున్నాను. "తె" అంటే విషయం తెలియలేదు, "పొ" అంటే తెలిసీ చేసిన పొరపాటు, "ప్ర" అంటే ప్రశ్న ఏమి అడిగిందో పట్టుకోలేదు, "స" అంటే సమయం చాలలేదు. మొదట్లో ఈ గుర్తులు నేనే వేశాను. దసరా తరువాత పిల్లలకు కాగితాలు ఇచ్చి, మార్కులు నా దగ్గరే ఉంచుకుని, గుర్తులు వాళ్లనే వేయమన్నాను. తన తప్పు తెలియనితనం వల్ల వచ్చిందా, తొందర వల్ల వచ్చిందా అని ఒక పదిహేనేళ్ల పిల్ల తనంతట తాను తేల్చుకోగలిగితే కాలేజీకి కావలసిన సిద్ధతలో పెద్ద భాగం ఆమెకు వచ్చినట్టే, ఎందుకంటే అక్కడ వందమంది ఉన్న సెక్షన్‌లో లెక్చరర్‌కు ఆమె కాగితం చదివే తీరిక ఉండదు.

ప్రతి పిల్లకూ పాత నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాలతో కుట్టిన ఒక తప్పుల పుస్తకం ఉండాలి. అందులో ఎడమ పేజీలో తాను రాసిన తప్పు జవాబును ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలి, కుడి పేజీలో సరైనది రాసి, కింద ఒక్క వాక్యంలో ఎందుకు తప్పిందో రాయాలి. ఆ ఒక్క వాక్యమే కష్టమైన పని. "సరిగ్గా చదవలేదు" అని రాస్తే ఒప్పుకోకండి. "మైనస్ ముందు మైనస్ వచ్చినప్పుడు ప్లస్ చేయడం మరిచిపోయాను" అని రాసేదాకా అడగండి.

కాగితాలు తిరిగి ఇవ్వడంలో ఆలస్యం పనికిరాదు. పరీక్ష రాసిన రెండు మూడు రోజుల్లో చేతికి వస్తే, తాను ఆ జవాబు ఎందుకు అలా రాసిందో పిల్లకు ఇంకా గుర్తుంటుంది. మూడు వారాల తరువాత ఇచ్చిన కాగితంలో పిల్లలు మార్కు మాత్రమే చూస్తారు. అన్ని సబ్జెక్టుల పరీక్షలూ ఒకే వారంలో పడి దిద్దడం కుదరకపోతే, ఒక ప్రశ్న తగ్గించి పరీక్ష పెట్టండి కానీ దిద్దిన కాగితాన్ని ఆలస్యం చేయకండి.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. ఒక ఏడాది ప్రతి పరీక్ష తరువాత పేర్లను మార్కుల వరుసలో రాసి తరగతి గోడకు అంటించేవాణ్ని; పోటీ పెరుగుతుందని గట్టిగా నమ్మాను. ఒక అబ్బాయి పరీక్ష రోజుల్లో మాత్రమే బడికి రావడం మానేశాడు. సోమరితనం అనుకున్నాను. ఒక సాయంత్రం ఇంటికి వెళ్లి అడిగితే, చాలాసేపు తల వంచుకుని, "నా పేరు కింద ఉంటుంది సార్, మా చెల్లి రోజూ ఆ గోడ ముందు నుంచే వెళ్తుంది" అన్నాడు. మర్నాడే ఆ కాగితం తీసేశాను. అప్పటినుంచి ఎవరి మార్కు వారికే తెలుస్తుంది. పోల్చుకోవలసింది తన పాత కాగితంతోనే.

మరిచిపోయే వేళకు మళ్లీ అడగడం

చదివిన పాఠాన్ని మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేయడం వల్ల ఎక్కువకాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో చూపారు. వెంటనే అడిగినప్పుడు మళ్లీ మళ్లీ చదివినవారే మెరుగ్గా ఉన్నారు. ఒక వారం తరువాత అడిగినప్పుడు మాత్రం గుర్తు తెచ్చుకుంటూ తమను తాము పరీక్షించుకున్నవారు ముందున్నారు. మన బడుల్లో లఘు పరీక్ష నిన్న చెప్పిన పాఠం మీద ఉంటుంది కాబట్టి, బట్టీ పట్టిన పిల్లలు కూడా బాగానే రాస్తారు, మనకూ తృప్తిగా ఉంటుంది. కాలేజీలో చదువు రెండేళ్లు నిలవాలి. మొదటి సంవత్సరంలో చదివిన భౌతికశాస్త్రం రెండో సంవత్సరం చివర రాసే ఎంట్రన్స్ పరీక్ష దాకా చేతిలో ఉండాలి.

కాబట్టి వారానికి ఒకసారి, పీరియడ్ మొదట్లో పది నిమిషాలు, ఐదు ప్రశ్నలతో ఒక చిన్న పరీక్ష పెట్టండి. అందులో రెండు ప్రశ్నలు ఈ వారం పాఠం నుంచి, మరో రెండు ప్రశ్నలు మూడు వారాల కిందటి పాఠం నుంచి, ఒకటి పోయిన ఏడాది పాఠం నుంచి ఉండాలి. ముందుగా చెప్పకండి, మార్కులు వేయకండి, జవాబులు బోర్డు మీద రాసి పిల్లలచేతనే దిద్దించండి. మొదటి నెలలో పాత పాఠాల ప్రశ్నలకు చాలామంది రాయలేరు. అది చూసి మనం దిగులుపడి మానేయకూడదు. పిల్లలు ఇంట్లో పాత పాఠాలు తిరగేయడం మొదలుపెట్టేది సరిగ్గా ఆ సమయంలోనే.

కాలేజీ అడిగేవి, బడి అడగనివి

హైస్కూలులో ఉపాధ్యాయుడు నోట్సు చెబుతాడు లేదా బోర్డు మీద రాస్తాడు, పిల్లలు దించుకుంటారు. కాలేజీలో లెక్చరర్ మాట్లాడుతూ పోతుంటే అందులో ఏది రాసుకోవాలో విద్యార్థే తేల్చుకోవాలి. ఈ నైపుణ్యాన్ని మన పరీక్షలు ఎక్కడా కొలవవు. నెలకు ఒకసారి ఇలా చేసి చూడండి: పుస్తకాలు మూయించి, పదిహేను నిమిషాలు ఒక కొత్త విషయం బోర్డు మీద ఏమీ రాయకుండా చెప్పండి. నేను ఒకసారి పిన్‌కోడ్‌లో ఆరు అంకెలు ఎందుకున్నాయో, ఏ అంకె దేన్ని సూచిస్తుందో చెప్పాను. పిల్లలను సొంతంగా నోట్సు రాసుకోమనండి. రెండు రోజుల తరువాత, ఆ నోట్సు మాత్రమే చూసి రాయవలసిన ఐదు ప్రశ్నలు ఇవ్వండి. మొదటిసారి కొందరు ప్రతి మాటా రాయబోయి సగంలోనే వెనకబడతారు, కొందరు రెండు ముక్కలు రాసుకుని, రెండు రోజుల తరువాత వాటి అర్థం తమకే తెలియక చూస్తూ కూర్చుంటారు. నాలుగైదు నెలలు గడిచేసరికి పొట్టి అక్షరాలు, బాణం గుర్తులు, ప్రశ్నార్థకాలు వాళ్లంతట వాళ్లే వాడడం చూశాను.

రెండోది భాష. తెలుగు మాధ్యమంలో చదువుకుని ఇంగ్లిష్ మాధ్యమం ఇంటర్‌లో చేరే పిల్లలకు విషయం కంటే ప్రశ్నలో ఉన్న క్రియాపదాలు అడ్డుపడతాయి. డిఫైన్ అంటే ఏం రాయాలి, డిరైవ్ అంటే ఎక్కడ మొదలుపెట్టాలి, జస్టిఫై, డిస్టింగ్విష్, స్టేట్ అన్న వాటికి జవాబు ఎంత పొడవు ఉండాలి అన్నది తెలియక, వచ్చిన పాఠానికీ మార్కులు పోగొట్టుకుంటారు. ఇటువంటి ఇరవై, ముప్పై మాటలను పదో తరగతిలోనే పరీక్షల ద్వారా పరిచయం చేయాలి. ఒక ప్రశ్నను ఇంగ్లిష్‌లో ఇచ్చి తెలుగులో జవాబు రాయమనండి. సరిగ్గా రాస్తే పాఠమూ ప్రశ్నా రెండూ అర్థమయ్యాయి. తప్పు రాస్తే అదే ప్రశ్నను తెలుగులో ఇచ్చి చూడండి. ఇప్పుడు సరిగ్గా రాసిందంటే లోపం సైన్సులో లేదు, చదవడంలో ఉంది. రెండు రోగాలకూ ఒకే మందు వేస్తూ ఎన్నో ఏళ్లు గడిపేశాం.

మూడోది, చూడని ప్రశ్నను ఎదుర్కోవడం. గైడులో ఉన్న ప్రశ్నే పరీక్షలో రావాలని పిల్లలు, తల్లిదండ్రులు, కొన్నిసార్లు మనమూ ఆశిస్తాం. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో గణితానికి విద్యాప్రమాణాలు నిర్ణయించినప్పుడు సమస్యా సాధనకు 40 శాతం ఇచ్చి, తక్కిన భాగాన్ని కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం అన్న వాటికి పంచారు. ఆ పంపకం వెనక ఉన్న ఆలోచన చాలా మంచిది. ప్రతి పరీక్షలో ఒక ప్రశ్నైనా ఏ పుస్తకంలోనూ లేనిది, చివర "ఎందుకు?" అని అడిగేది పెట్టండి. జవాబు తప్పినా ప్రయత్నానికి మార్కు ఇవ్వండి. "ఎందుకు" రాయడం మొదట్లో మా పిల్లలకు రాలేదు, అంతవరకు ఎవరూ వాళ్లను అడగలేదు కాబట్టి.

బిట్ల పరీక్షల సంగతి

ఎంట్రన్స్ పరీక్షల ప్రస్తావన లేకుండా మన దగ్గర కాలేజీ గురించి మాట్లాడలేం. ఇంజినీరింగ్ వంటి కోర్సుల ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషానికి కాస్త పైన. తప్పు జవాబుకు కోత లేదు. వైద్యవిద్య ప్రవేశ పరీక్ష నీట్‌లో 180 ప్రశ్నలకు 720 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఆంధ్రప్రదేశ్ పాలీసెట్‌లో పదో తరగతి పాఠాల మీద 2 గంటల్లో 120 ప్రశ్నలు. పాలిటెక్నిక్‌లో చేరే ఉద్దేశం లేని పిల్లలకు కూడా పాత పాలీసెట్ పేపరు ఒకటి, రెండు సమయం పెట్టుకుని రాయడం మంచి సాధన, ఎందుకంటే పాఠం తెలిసినదే, వేగం ఒక్కటే కొత్త.

దీనికి తోడు, ప్రతి జవాబు పక్కనా "ఖాయం", "అనుమానం", "ఊహ" అన్న మూడింటిలో ఒకటి రాయించండి. దిద్దాక ఎవరి లెక్క వారే వేసుకుంటారు. ఖాయం అని రాసి తప్పిన ప్రశ్నలు అన్నిటికంటే విలువైనవి. అక్కడ పిల్ల తప్పుగా నేర్చుకున్న విషయం ఒకటి స్థిరపడి ఉంది. ఊహలు ఎంతవరకు పనికివస్తాయో కూడా లెక్కగట్టి చూపవచ్చు. నాలుగు ఐచ్ఛికాలున్న ప్రశ్నకు సరైతే 4, తప్పైతే ఒకటి కోత అనుకుందాం. నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా ఊహిస్తే సగటున ఒకటి సరవుతుంది, వచ్చేది ఒక్క మార్కు. ప్రతి ప్రశ్నలో రెండు ఐచ్ఛికాలు కావని తెలుసుకుని ఊహిస్తే సగటున రెండు సరవుతాయి, వచ్చేవి ఆరు మార్కులు. కావు అని తేల్చడం కూడా చదువేనని పిల్లలకు ఈ లెక్కతో తెలుస్తుంది, సంభావ్యత పాఠానికి ఉదాహరణగానూ పనికివస్తుంది.

అయితే ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచే రోజూ బిట్ల పరీక్షలు పెట్టి, మెట్లతో లెక్క రాయడం మాన్పించే ధోరణిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. జవాబు నాలుగింటిలో ఒకటి అని తెలిసిన చోట తప్పు ఎక్కడ జరిగిందో కనిపించదు. పైన చెప్పిన ముగ్గురు పిల్లలూ బిట్ల పరీక్ష రాసి ఉంటే, నాకు దొరికేవి మూడు సున్నాలే. ఎనిమిదో తరగతిలో రాయించవలసిన బిట్ల పరీక్ష ఒక్కటుంది, అది నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష. మెంటల్ ఎబిలిటీ 90, పాఠ్యాంశాలు 90 ప్రశ్నలు. ఎంపికైన పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. పేద ఇళ్లలో ఆ డబ్బు వల్లే ఆడపిల్ల చదువు పదితో ఆగకుండా సాగిన సందర్భాలున్నాయి.

గ్రూపు ఎంచుకునేటప్పుడు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా అని తేల్చుకోవడం చాలా ఆలస్యం. అప్పటికి చేతిలో ఉండేది మొత్తం మార్కు ఒక్కటే. జనవరిలోనే పిల్లనూ తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి, తప్పుల పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడండి. గణితంలో "పొ" గుర్తులు ఎక్కువ, "తె" గుర్తులు తక్కువ ఉన్న పిల్లకు మార్కు తక్కువ వచ్చినా ఎంపీసీ దారి మూసుకుపోలేదు. సాధనతో పొరపాట్లు తగ్గుతాయి. మంచి మార్కు ఉండీ, చూడని ప్రశ్నలన్నీ ఖాళీగా వదిలేసిన పిల్లతో మాత్రం నిదానంగా మాట్లాడాలి. వద్దని చెప్పడం మన పని కాదు, ఏం ఎదురవుతుందో ముందే తెలియజెప్పాలి. ఏ పాఠం గురించి అడగకుండానే మాట్లాడుతుందో, ఏ ప్రాజెక్టు పనిని గడువు కంటే ముందే తెచ్చిందో కూడా ఆ రోజు చెప్పండి. పరీక్షలో రాని సమాచారం అందులో ఉంటుంది.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ప్రోగ్రెస్ కార్డు ఇంటికి వచ్చిన సాయంత్రం "ఎన్ని వచ్చాయి, పక్కింటి వాడికి ఎన్ని?" అని మొదలుపెట్టకండి. జవాబుపత్రం తెమ్మని, "ఏ ప్రశ్న దగ్గర ఆగావు, అక్కడ ఏం ఆలోచించావు?" అని అడగండి. ఈ ప్రశ్న అడగడానికి మీకు ఆ పాఠం రావలసిన పనిలేదు. మా బడిలో అక్షరం రాని ఒక తల్లి కూతురి తప్పుల పుస్తకం తెరిపించి, వారానికోసారి ఎన్ని పేజీలు నిండాయో లెక్కపెట్టి, ఒక్కో పేజీ గురించి కూతురితో చెప్పించుకునేది. ఆ అమ్మాయి నాకంటే ఓపికగా ఉన్న శ్రోతకు పాఠం చెప్పింది.

చివరి మూడు నెలలు, ఆ తరువాత

సంక్రాంతి తరువాత గ్రాండ్ టెస్టుల హోరు మొదలవుతుంది. పూర్తి ప్రశ్నపత్రంతో, పూర్తి సమయంతో మూడు, నాలుగు పరీక్షలు అవసరమే. చేయి నొప్పి, సమయ పంపకం, చివరి అరగంట అలసట అన్నవి అలాంటి పరీక్షలోనే తెలుస్తాయి. అంతకు మించి పెట్టే ప్రతి పరీక్షకూ, దాన్ని దిద్ది, తిరిగి ఇచ్చి, తప్పులు సరిచేయించే సమయం ఉందా అని ముందు చూసుకోండి. లేకపోతే ఆ మూడు గంటలూ తప్పుల పుస్తకానికి ఇవ్వండి. ప్రతి పిల్లా తన పుస్తకంలో "తె" గుర్తున్న పేజీలతో మొదలుపెట్టి, "పొ" గుర్తున్న వాటిని ఆఖరి వారానికి ఉంచుకోవాలి.

పబ్లిక్ పరీక్షలు అయిపోయాక, వేసవి మధ్యలో వీలైన ఒక రోజున పిల్లలను బడికి పిలిపించండి. వచ్చినంత మందే వస్తారు. తొమ్మిదో తరగతి జూన్‌లో రాయించిన ఆ 20 ప్రశ్నల కాగితం కవరులో ఉంది కదా, అదే ప్రశ్నపత్రాన్ని మళ్లీ ఇచ్చి, 45 నిమిషాలు రాయించండి. రాశాక పాత కాగితాన్ని చేతికివ్వండి. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని వాళ్లే దిద్దుకుంటారు. ఇంకా తప్పుతున్న ప్రశ్నలు రెండో మూడో ఉంటాయి. వాటిని తప్పుల పుస్తకం మొదటి పేజీలో రాసుకుని, కాలేజీ తెరిచేలోగా రోజుకు అరగంట చొప్పున పూర్తి చేయమని చెప్పి, ఆ పుస్తకాన్ని పదో తరగతి పుస్తకాలతో పాటు అమ్మేయకుండా కాలేజీకి తీసుకువెళ్లమనండి.